ఎవరిదీ కాని కట్టె ఉంటుందా?

శ్రీ లక్ష్మీనరసింహాయ నమః.

ఇల్లు, వాస్తు గురించి ఏ వీడియో పెట్టినా ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా వస్తుంది. "ఎండిపోయిన కొమ్మలూ మొద్దులూ హాల్లో గోడకి పెట్టుకోవచ్చా? ఇంటికి మంచిది కాదంటున్నారు, నిజమేనా?" అని. ఈ మధ్య కొత్త ఫ్లాట్లలో ఇది బాగా కనిపిస్తోంది. తెల్లటి గోడ, దాని మీద మెలికలు తిరిగిన డ్రిఫ్ట్‌వుడ్ ముక్క, దాని వెనక చిన్న పసుపు లైటు. చూడ్డానికి చాలా బాగుంటుంది. నాకూ ఇష్టమే.

వీడియోలో అయితే రెండు నిమిషాల్లో అవునో కాదో చెప్పేసి వెళ్ళిపోవాలి. ఇక్కడ కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం. ఎందుకంటే మంచిదా కాదా అనే ప్రశ్న పక్కనే ఇంకో ప్రశ్న ఉంది. అది ఎవరూ అడగట్లేదు. ఆ కట్టె ఎవరిది?

ముందు అరిష్టం సంగతి

ఎండిన చెక్క మంచిది కాదనే మాటకి పాత ఆధారం ఒకటి ఉంది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు రాసిన బృహత్సంహితలో, దేవుడి విగ్రహం కోసం అడవికి వెళ్ళి చెట్టుని ఎలా ఎంచుకోవాలో ఒక అధ్యాయం ఉంది. శ్మశానంలో పెరిగినవి, పిడుగు పడినవి, దానంతట అదే కూలిపోయినవి, ఎండిపోయినవి పనికిరావని అందులో చెప్పాడు. అది విగ్రహానికి పెట్టిన నియమం. గోడ మీద అలంకరణ గురించి కాదు. ఎండిన చెక్కే అరిష్టం అయితే మన తాతల ఇళ్ళలో దూలాలూ ద్వారబంధాలూ ఉయ్యాల బల్లా ఏమవ్వాలి? అవన్నీ ఎండిన చెక్కలే కదా. మా ప్రాంతంలో కదిరి ఉంది. ఆ పేరే ఖాద్రి చెట్టు, అంటే చండ్ర చెట్టు మీదుగా వచ్చిందని చెప్తారు. చెట్టు పేరుతోనే నరసింహ స్వామిని పిలుచుకునే ఊరివాళ్ళకి చెక్క అంటే భయం ఎందుకు ఉంటుంది?

కాబట్టి నా జవాబు: నిశ్చింతగా పెట్టుకోండి.

కానీ అదే అధ్యాయంలో ఇంకో విషయం ఉంది. చెట్టు కొట్టే ముందు రాత్రి దానికి పూజ చేయాలి, నైవేద్యం పెట్టాలి. ఆ చెట్టు మీద ఉంటున్న ప్రాణులన్నిటికీ నమస్కారం పెట్టి, ఈ నైవేద్యం తీసుకుని దయచేసి వేరే చోట నివాసం చూసుకోండి అని వేడుకోవాలి. ఆ తర్వాతే గొడ్డలి ఎత్తాలి. మనం ఆ అధ్యాయం నుంచి "ఎండినదా, పచ్చిదా" అనేది మాత్రం గుర్తుపెట్టుకున్నాం. "అడిగి తీసుకో" అనేది వదిలేశాం.

తెలుగులో ఒక్క మాట లేదు

డ్రిఫ్ట్‌వుడ్‌కి తెలుగులో ఏమంటారని చాలాసేపు ఆలోచించాను. వాడుకలో దానికంటూ ఒక్క మాట లేదు. "కొట్టుకొచ్చిన కట్టె" అంటాం. కొట్టుకొచ్చింది అనగానే వెంటనే ఒక ప్రశ్న వస్తుంది చూడండి: ఎక్కణ్ణించి? డ్రిఫ్ట్‌వుడ్ అంటే షాపులో అమ్మే ఒక వస్తువులా వినపడుతుంది. కొట్టుకొచ్చిన కట్టె అంటే మాత్రం వెనకాల ఒక ఏరు, ఒక వరద, ఒక పై ఊరు ఉంటాయి.

మాది ధర్మవరం వైపు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. దేశంలో చాలా తక్కువ వాన పడే చోట్లలో మా అనంతపురం జిల్లా ఒకటి అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. చిత్రావతి అయినా పెన్న అయినా ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. మరి ఇలాంటి చోట కట్టె కొట్టుకురావడం ఏమిటి అనిపించొచ్చు. వస్తుంది, కాకపోతే అరుదుగా. వచ్చినప్పుడు మాత్రం మామూలుగా రాదు.

2021 నవంబరు 19 గుర్తుందా? ఆ రోజు చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి మధ్యలో చిక్కుకుపోయిన 10 మందిని వాయుసేన హెలికాప్టర్‌తో పైకి లాగారు. ఎప్పుడూ ఇసక తప్ప ఏమీ కనపడని ఏరది. అదే రోజు కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. కింద ఉన్న పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళని నీళ్ళు ముంచేశాయి. మనుషులు పోయారు, గొడ్లు పోయాయి, ఇళ్ళు పోయాయి.

అలాంటి వరద తగ్గాక ఇసకలో మిగిలే కట్టెల్లో ఏమేం ఉంటాయో ఆలోచించండి. కొండల మీంచి వచ్చిన చెట్లు ఉంటాయి. వాటితోపాటు బండి నొగలు, కిటికీ రెక్కలు, పశువుల కొట్టం గుంజలు కూడా ఉంటాయి. నీళ్ళలో నాని, ఎండకి ఎండి, అంచులు నున్నబడిపోతే అన్నీ ఒకేలా అందంగా తయారవుతాయి. ఒకప్పుడు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడప, రంగంతా పోయాక, మన కంటికి డ్రిఫ్ట్‌వుడ్డే. బెంగుళూరులో నా ఫ్లాట్ గోడకి అది సరిగ్గా సరిపోవచ్చు కూడా. పై ఊళ్ళో ఒకామె మాత్రం గడప లేని గుమ్మంలోంచి లోపలికీ బయటికీ తిరుగుతూ ఉంటుంది.

ఇది ఒక్క మా సీమ సంగతి కాదు. గోదావరికి వరద వస్తే భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా జనం తాళ్ళు పట్టుకుని కొట్టుకొచ్చే దుంగల కోసం దిగుతారు. అధికారులు వద్దని మైకులో చెప్తూనే ఉంటారు. ప్రాణం పణంగా పెట్టి ఒక దుంగ. కొందరికి అది ఏడాదికి సరిపడా వంటచెరకు. బ్రిటిష్ కాలంలో వచ్చిన 1927 అటవీ చట్టంలో అయితే ఇలా కొట్టుకొచ్చిన కలప గురించి ఒక అధ్యాయమే పెట్టారు. నాదని ఎవరైనా రుజువు చేసుకునే దాకా అది ప్రభుత్వానిదే అని దాని సారాంశం. చట్టం కూడా "దొరికినవాడిది" అనలేదన్నమాట.

చెరువుది

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. మా రంగంలో కొత్తగా చేరినవాళ్ళకి మొదట్లోనే చెప్పే పాఠం ఒకటుంది. ఇంటర్నెట్‌లో అందరికీ కనపడేలా ఎవరో కోడ్ పెట్టారు. పక్కన లైసెన్స్ ఏమీ రాయలేదు. అంటే ఎవరైనా వాడుకోవచ్చనా? కాదు. లైసెన్స్ లేకపోతే హక్కులన్నీ రాసినవాళ్ళవే. కనపడటం వేరు, మనది కావడం వేరు. ఆఫీసులో ఈ తేడాని ఇంత జాగ్రత్తగా పాటించే మనం, బయట నేల మీద పడి ఉన్నదాన్ని చూడగానే "ఫ్రీ" అనేస్తాం.

పోయిన ఎండాకాలం మా ఇంట్లోనే ఈ విషయం వచ్చింది. ఆన్‌లైన్‌లో ఒక ముక్కకి వేలల్లో రేటు చూసి, ఊరెళ్ళినప్పుడు మా నాన్నకి చూపించాం. "కట్టెకి గూడా దుడ్లు పెట్టి కొంటారేందిరా? మన చెరువులో ఎన్ని ల్యావు!" అన్నాడు. పొద్దున్నే నేనూ మా ఆవిడా చెరువులోకి వెళ్ళాం. నీళ్ళు లేవు. తుమ్మ మొద్దులు, మట్టి కొట్టుకుపోయి బయటపడిన వేళ్ళు ఎక్కడికక్కడ పడి ఉన్నాయి. ఒక అవ్వ పుల్లలు ఏరి మోపు కడుతోంది.

ఒక మొద్దు నాకు బాగా నచ్చింది. "అవ్వా, ఇది ఎవరిదన్నా ఉందా? తీసుకుపోవచ్చా?" అని అడిగాను.

"ఎవరిదంటే ఏం చెప్పాల నాయనా. చెరువుది" అంది. తర్వాత, "ఏం చేస్తావు దాన్ని?" అంది.

"గోడకి పెట్టుకుంటాం అవ్వా."

"గోడకా! పొయ్యిలేకి కాదా?" అని నవ్వింది. నా చెయ్యి ఉన్న మొద్దు వైపు చూసి, "అది వద్దులే నాయనా. అది రెండు దినాలు మండుతాది. దో, ఆ వంకరదాన్ని తీసుకపో. గొడ్డలికి లొంగదు, పొయ్యిలే పట్టదు. దాన్ని ఎవరూ అడగరు" అంది.

"ఇంట్లో గ్యాస్ లేదా అవ్వా?" అని మా ఆవిడ అడిగింది.

"ఉండాది తల్లీ. అయిపోతే మళ్ళా నింపాల గదా."

వంకరదాన్నే తెచ్చుకున్నాం. నిజం చెప్పాలంటే రెండింట్లో అదే బాగుంది. తిన్నగా ఉన్నది పొయ్యికి, మెలికలు తిరిగింది గోడకి. అవ్వ లెక్కలో ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ లెక్క ఆమెకి తెలుసు, మాకు తెలీదు. అడక్కపోతే తెలిసే దారి కూడా లేదు.

"చెరువుది" అనే జవాబు గురించి చాలా రోజులు ఆలోచించాను. నీది అనలేదు, నాది అనలేదు, ఎవరిదీ కాదు అని కూడా అనలేదు. మా కరువు నేలలో ఎండిన పుల్ల అంటే చెత్త కాదు. ఒకరి పొయ్యిలోకి కట్టె, ఒకరి చేనుకి కంచె, ఉడతకీ తొండకీ నీడ. చెదలు తిని మట్టి చేస్తే నేలకి బలం. ఇంతమంది వరసలో ఉన్నారు. ఆ వరసలో నేను ఎక్కడ నిలబడాలి అనేదే అసలు ప్రశ్న.

శాస్త్రం ఇచ్చిన సడలింపు, లిఖితుడి చేతులు

దొంగతనం చేయకపోవడాన్ని మన వాళ్ళు అస్తేయం అన్నారు. యమ నియమాల్లో అదొకటి. మనుస్మృతి 8వ అధ్యాయంలో ఈ అస్తేయం గురించి ఒక ఆసక్తికరమైన సడలింపు ఉంది. చెట్ల దుంపలూ పళ్ళూ, అగ్ని కోసం కట్టెలూ, ఆవుల మేత కోసం గడ్డీ తీసుకుంటే దొంగతనం కిందకి రాదని. గమనించారా? కట్టె తీసుకోవచ్చు అని ఊరికే వదల్లేదు. అగ్ని కోసం అని చెప్పాడు. గడ్డి కూడా ఆవు కోసం. ప్రతి సడలింపు వెనకా ఒక అవసరం ఉంది. ఆకలి, చలి, హోమం. అలంకరణ ఆ జాబితాలో లేదు. అంటే అలంకరణ తప్పని కాదు. అవసరానికి ఇచ్చిన తలుపులోంచి సరదా కూడా దూరిపోకూడదని. మన సరదాకి కావాలంటే అడగాలి. అంతే తేడా.

అడగకపోతే ఏమవుతుంది అనేదానికి మన సీమలోనే ఒక కథ ఉంది. మహాభారతం శాంతిపర్వంలో వస్తుంది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు, ఇద్దరూ తపస్వులు. ఒకరోజు తమ్ముడు లిఖితుడు అన్న ఆశ్రమానికి వచ్చాడు. అన్న లేడు. చెట్టుకి పళ్ళు ఉన్నాయి, కోసుకుని తిన్నాడు. సొంత అన్న చెట్టే కదా! శంఖుడు వచ్చి చూసి, నువ్వు అడక్కుండా తీసుకున్నావు, రాజు దగ్గరికెళ్ళి శిక్ష వేయించుకో అన్నాడు. సుద్యుమ్నుడు అనే ఆ రాజు క్షమిస్తానన్నా లిఖితుడు ఒప్పుకోలేదు. చివరికి చేతులు నరికించుకుని వచ్చాడు. అప్పుడు అన్న చెప్పినట్టు నదిలో మునిగి తర్పణం చేయబోతే చేతులు తిరిగి వచ్చాయి. బాహువులు ఇచ్చింది కాబట్టి ఆ నది బాహుదా.

కాణిపాకం వెళ్ళినవాళ్ళకి ఈ కథ తెలిసే ఉంటుంది. అక్కడి నది పేరు బాహుదా. ఇందాక చెప్పుకున్న చెయ్యేరుకి కూడా బాహుదా అనే పేరుంది. చెయ్యి ఇచ్చిన ఏరు కాబట్టి చెయ్యేరు అని చెప్తారు. అడక్కుండా తీసుకున్న చేతుల కథని పేరులో మోస్తున్న ఏరు అది. 2021లో ఊళ్ళ గడపలని ఇసకలోకి తెచ్చి పడేసింది కూడా ఆ ఏరే. అక్కడ ఒక అందమైన ముక్క కనిపిస్తే, చెయ్యి చాపే ముందు ఒక్క క్షణం ఆ నది పేరు తలుచుకుంటే చాలు.

శిక్ష చాలా ఎక్కువ కదా, రెండు పళ్ళకి చేతులు నరకడమేంటి అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నాకు అర్థమైనంతవరకు ఆ కథ పళ్ళ విలువ గురించి కాదు. "మనవాళ్ళదే కదా", "చిన్నదే కదా", "ఎవరు చూస్తారులే" అని మనసు చెప్పుకునే మాటల గురించి. కట్టె విషయంలో మనం చెప్పుకునేవీ ఆ మాటలే. "ఊరికే పడి ఉందిగా."

ఒడ్డుకి వచ్చిన దేవుడు

ఎవరిదీ కాని కట్టె అసలు లేదా అంటే, మన సంప్రదాయంలో ఒకటి ఉంది. ఋగ్వేదం 10వ మండలంలో అలక్ష్మిని, అంటే లేమినీ కరువునీ వెళ్ళగొట్టే ఒక సూక్తం ఉంది. అందులో ఆమెతో, సముద్రం ఒడ్డున మనిషి లేకుండా తేలుతున్న ఆ దారువుని పట్టుకుని అవతలికి పో అంటాడు ఋషి. సాయణాచార్యులు భాష్యం రాస్తూ ఆ దారువుని పురుషోత్తముడితో కలిపి చెప్పారు. కొట్టుకొచ్చిన కట్టె ఇంటికి దరిద్రం తెస్తుందని భయపడేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. వేదంలో అది దరిద్రాన్ని తీసుకెళ్ళిపోయే కట్టె.

పూరీ కథ మీకు తెలుసు. సముద్రపు ఒడ్డుకి ఒక దుంగ కొట్టుకొచ్చింది. ఇంద్రద్యుమ్న మహారాజుకి దొరికింది. రాజు తల్చుకుంటే దానితో సింహాసనం చేయించుకోవచ్చు, సభకి స్తంభం పెట్టించుకోవచ్చు. ఆయన దాన్ని అందరికీ దర్శనమిచ్చే జగన్నాథుడిగా చెక్కించాడు. ఎవరిదీ కానిది ఆయన చేతిలో పడి ఆయనది కాలేదు, జగత్తుది అయింది. నాకు ఆ కథలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. నవకళేబరం అప్పుడు, మొన్న 2015లోలాగా, కొత్త మూర్తుల కోసం వేపచెట్లు వెతకాలి. బయల్దేరినవాళ్ళు నేరుగా చెట్టు దగ్గరికి పోరు. ముందు కాకట్‌పూర్ మంగళాదేవి గుడికి వెళ్ళి అమ్మవారి అనుమతి తీసుకుంటారు. చెట్టు దొరికాక హోమం చేసి, బంగారు గొడ్డలి, వెండి గొడ్డలి తాకించి, ఆ తర్వాతే ఇనప గొడ్డలి వేస్తారు. సాక్షాత్తూ జగన్నాథుడికి కట్టె కావాలన్నా ఇంత అడగడం ఉంది. మన హాలు గోడకి ఒక్క మాట అడగడం బరువా?

మా వైపు తిమ్మమ్మ మర్రిమాను కూడా ఇదే నేర్పుతుంది. కదిరి దగ్గర దాదాపు ఐదెకరాల్లో పరుచుకున్న మర్రి అది. 1989లో గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. ఆ చెట్టు ఆకు తెంపితే కీడు జరుగుతుందని జనం నమ్మకం. కీడు సంగతి మీరు నమ్మినా నమ్మకపోయినా, అంత కరువు నేలలో, వంటచెరకు కోసం మైళ్ళు నడిచిన జనం మధ్య, ఆ మాను ఇన్ని వందల ఏళ్ళు నిలిచి ఉంది. ఆ నమ్మకం లేకపోతే నిలిచేదా?

మరి గోడ సంగతి?

పెట్టుకోండి. అందం కావాలనుకోవడం తప్పు కాదు. నాలుగు విషయాలు మాత్రం చూసుకోండి.

ఊళ్ళో చెరువులోనో ఏట్లోనో కనిపిస్తే అక్కడ ఉన్నవాళ్ళని అడగండి. పొయ్యికి పనికొచ్చేదాన్ని వదిలేసి, పనికిరానిదాన్ని తీసుకోండి. అందం ఎలాగూ అందులోనే ఎక్కువ ఉంటుంది.

మనిషి చెయ్యి పడిన గుర్తు ఉంటే, అంటే మేకు రంధ్రమో, ఉలి గాటో, చెరిగిన రంగో కనిపిస్తే, చుట్టుపక్కల ఒక్కసారి కనుక్కోండి. అది ఎవరిదో ఇల్లు కావచ్చు.

రిజర్వ్ ఫారెస్టులోంచి వద్దు. శేషాచలం చుట్టుపక్కల ఎర్రటి ముక్క కనిపిస్తే అసలు ముట్టుకోవద్దు. ఎర్రచందనం అయితే కేసు అవుతుంది.

కొనేటట్టయితే అమ్మేవాళ్ళని, ఇది ఎక్కణ్ణించి వచ్చిందండీ అని అడగండి. డ్రిఫ్ట్‌వుడ్ పేరుతో పచ్చి చెట్ల వేళ్ళు తవ్వి, పాలిష్ పెట్టి అమ్మేవాళ్ళూ ఉండొచ్చు. చెప్పగలిగినవాళ్ళ దగ్గరే కొనండి.

తెచ్చాక నాలుగు రోజులు ఎండలో పెట్టి, బ్రష్‌తో మట్టి దులిపి, వేపనూనె రాయండి. ఇంట్లోకి చెదలు రాకుండా అది కొంత జాగ్రత్త. ప్రత్యేకంగా ఏ శాంతీ చేయించక్కర్లేదు.

అయోధ్యకాండలో రాముడు భరతుడితో ఒక మాట అంటాడు. మహాసముద్రంలో రెండు కట్టెలు కొట్టుకొచ్చి కాసేపు కలుస్తాయి, మళ్ళీ విడిపోతాయి. భార్యాబిడ్డలూ బంధువులూ సంపదలూ అలాంటివే అని. రాజ్యం నాది అనని అన్న, నాది కాదు అనే తమ్ముడు మాట్లాడుకుంటున్న చోట ఆ పోలిక వస్తుంది. మన గోడ మీదికి వచ్చిన ముక్కని కూడా అలా చూడొచ్చు. అది మనకి దొరకలేదు, కాసేపు మనతో కలిసింది. ఒక చెట్టుగా, ఒక ఏటి ప్రయాణంగా దానికి మనకన్నా పెద్ద కథే ఉంది.

ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి మొదట అడిగేది, "చాలా బాగుందే, ఎక్కడిది?" అనే. ఆ ప్రశ్నకి తల దించుకోకుండా, తడుముకోకుండా చెప్పగలిగితే అది శుభమే. ఏ దిక్కున పెట్టినా శుభమే.